కాస్త నలతగా ఉంది

అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉండగా వంటింట్లో గిన్నెల చప్పుడు మొదలైంది.

సంఘ పెద్దకి చిర్రెత్తుకొచ్చింది. అయినా ఆమెన్ దాకా ఓపిక పట్టాడు.

ప్రార్థన ఆయన భార్య కోసమే. సండే స్కూల్లో పిల్లలకి పాటలు నేర్పే మనిషి, నెల రోజులుగా మంచం దిగట్లేదు. తిండి లేదు, నిద్ర లేదు, తల దువ్వుకున్న పాపాన పోలేదు. "కాస్త నలతగా ఉంది, ప్రార్థించండి" అని ఆదివారం చర్చిలో ప్రకటించారు. ఇంకేం, సంఘంలోని అక్కచెల్లెళ్ళంతా కట్టకట్టుకుని దిగారు.

తలో మాటా అన్నారు.

"విశ్వాసం తగ్గిందేమో చూసుకో అమ్మా."

"లోపలేదైనా పాపం దాచుకున్నావేమో, ఒప్పేసుకుంటే పోతుంది."

"దేవుడి బిడ్డవి, నీకు దిగులేంటి చెప్పు?"

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఏడవడానికి కూడా ఓపిక లేదు పాపం.

పెద్దాయన వంటింట్లోకి వెళ్ళి చూశాడు. ఎవరో నడివయసు ఆవిడ, కొంగు బిగించి, పేరుకుపోయిన అంట్లు తోముతోంది.

"ఎవరితో వచ్చారు సిస్టర్?"

"ఒక్కదాన్నే వచ్చానండి. ఈమధ్యే మీ చర్చికి వస్తున్నా."

"ప్రార్థన జరుగుతుంటే ఈ చప్పుడేంటి?"

"నేనూ చేస్తూనే ఉన్నా అన్నగారూ. చేతులు ఖాళీగా ఉంటే నాకు ప్రార్థన కుదరదు."

అక్కచెల్లెళ్ళు మొహాలు చూసుకున్నారు. చోద్యం కాకపోతే, ఈవిణ్ణి ఎవరు పిలిచారు?

మర్నాడు వాళ్ళెవరూ రాలేదు. ఆవిడ మాత్రం వచ్చింది.

కిటికీ తెరిచింది. దుప్పటి మార్చింది. చిక్కుపడ్డ జుట్టుకి నూనె రాసి, నొప్పి పుట్టకుండా దువ్వింది. బతిమాలి కాస్త జావ తాగించింది. బైబిల్ తీయలేదు, నీతులు చెప్పలేదు. పక్కన కూర్చుంది, అంతే.

రోజూ అదే తంతు. పెద్దాయనకి ఒళ్ళు మండేది. నలుగురూ ఏమనుకుంటారు? పైగా ఒకరోజు గుమ్మం దగ్గర ఆపి మరీ చెప్పింది.

"అన్నగారూ, డాక్టరుకి చూపించండి. మనసు డాక్టరుకి."

"మా ఇంట్లో పిచ్చివాళ్ళెవరూ లేరు."

"పిచ్చని ఎవరన్నారండీ? మెదడూ దేవుడు చేసిన అవయవమే కదా. కాలు విరిగితే కట్టు కట్టిస్తాం గానీ, పాపం ఒప్పుకోమనం కదా."

"దిగులు ఆత్మకి సంబంధించింది. ఎన్నేళ్ళుగానో వాక్యం చెబుతున్నా, నాకు చెప్పకండి."

"మీకు తెలీందేముంది? చచ్చిపోతానని చెట్టు కింద పడుకున్న ప్రవక్తకి దేవుడు ముందు రొట్టె పెట్టాడు, నిద్రపోనిచ్చాడు. మాటలు ఆ తర్వాతే."

పెద్దాయనకి కోపం ముంచుకొచ్చింది.

"ప్రార్థన చేయమన్నాం గానీ సలహాలివ్వమన్లేదు. రేపట్నుంచి రాకండి."

ఆవిడ చెప్పులేసుకుని, మళ్ళీ వెనక్కి తిరిగింది.

"సరే, రాను. ఒక్కటి మాత్రం చెయ్యండి. చచ్చిపోవాలనుందా అని ఆమెని నోరు తెరిచి అడగండి. అడిగితే ఏం కాదు అన్నగారూ. అడక్కపోతేనే..."

మాట పూర్తి చేయకుండానే గబగబా మెట్లు దిగిపోయింది.

ఆ సాయంత్రం జావ గిన్నె పట్టుకుని ఆయనే మంచం పక్కన కూర్చున్నాడు. ఆవిడ మాట చెవిలోంచి పోవట్లేదు. ఆఖరికి సిగ్గు చంపుకుని అడిగేశాడు.

"నీకు... చచ్చిపోవాలనుందా?"

ఛీ ఛీ, అవేం మాటలు అంటుందనుకున్నాడు.

"రోజూ అనిపిస్తోందండీ" అంది నెమ్మదిగా. "మీకు చెబితే వాక్యం చదువుతారని చెప్పలేదు. రోజూ వచ్చే ఆ అక్కకి చెప్పా."

ఆయన గిన్నె కింద పెట్టేశాడు.

పొద్దున్నే ఆమెని తీసుకుని మనసు డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు.

"ఇంకొన్నాళ్ళు ఆగుంటే మనిషి మిగిలేది కాదు" అన్నాడు డాక్టరు. "నయమవుతుంది గానీ టైము పడుతుంది. ప్రార్థన మానక్కర్లేదు, మాత్రలు మాత్రం మానొద్దు."

నిజంగానే టైము పట్టింది. ఇద్దరూ అలిసిపోయారు. కొన్ని వారాలకి ఒకనాడు ఆమె తనంతట తానే లేచి కుర్చీలో కూర్చుంది.

"ఏమండీ, అక్కని ఓసారి పిలవండి. కుట్టుపని చేసే ఆవిడింట్లో గది తీసుకుందట, సందు చివర."

పెద్దాయన బయల్దేరాడు. క్షమించమని ఎలా అడగాలో దారంతా మాటలు కూడబలుక్కున్నాడు. ప్రసంగమైతే ఇట్టే వచ్చేది, ఇది రావట్లేదు.

గదికి తాళం వేసుంది. ఇంటావిడ బట్ట కత్తిరిస్తోంది.

"ఖాళీ చేసి సొంతూరు వెళ్ళిపోయిందండీ."

"మళ్ళీ రారా?"

"ఇంకేముందని వస్తుంది? కూతురు ఇక్కడే నర్సింగ్ చదివేది, మీ చర్చికే వచ్చేది. ఆ పిల్ల కూర్చున్న చోట నాలుగు ఆదివారాలు కూర్చుని పోదామని వచ్చింది. ఇంతలో మీ ఇంటి సంగతి విని ఉండిపోయింది. 'ఈవిణ్ణి మాత్రం పోనివ్వను' అనేది రోజూ."

"అయ్యో... కూతురు పోయిందా?"

"పోయినేడు. వాళ్ళూరికే తీసుకెళ్ళి సమాధి చేశారు."

"మా చర్చి పిల్లయితే అంతదూరం ఎందుకు తీసుకెళ్ళడం? ఇక్కడే చేసుండొచ్చుగా."

ఆవిడ కత్తెర ఆపి ఆయన మొహంలోకి చూసింది.

"తనంతట తాను ప్రాణం తీసుకున్నవాళ్ళకి మీ చర్చి సమాధుల తోటలో చోటు లేదని మీరు ఫోన్లోనే చెప్పేశారే... ఆ పిల్ల తల్లేనండీ ఈవిడ."