గోడకున్న కళ్ళు

ఏదో గీరుతున్న చప్పుడు విని యోరాన్ బజారు మెట్ల మొదట్లోనే ఆగింది.

మొక్పో ఊరికి కాపురం వచ్చి నెల కాలేదు. తొమ్మిది నెలల బిడ్డ దామి వీపున దుప్పటి కట్టులో నిద్రపోతోంది. చేపలు ఏ అంతస్తులో అమ్ముతారో యోరాన్‌కు తెలియదు. చూపులేనివాళ్ళ కోసం గోడకు అంటించిన చుక్కల రేకును వేలితో చదువుకోవాలి.

తడిమింది. రేకు లేదు, జిగురు తగిలింది. పక్కనే ఎవరిదో చెయ్యి, చేతిలో ఉలి.

"ఎవరది?"

"నేనమ్మా. మళ్ళీ పెట్టేస్తాను." ముసలి గొంతు.

"ఊడబెరికి మళ్ళీ పెడతావా? పాత సామాను కొట్లో అమ్ముకోడానికి నీకు మా రేకులే దొరికాయా తాతా?"

"అది కాదు తల్లీ, ఇది తలకిందు..."

"మాట్లాడకు. నీ కళ్ళు నీ మొహానికే ఉన్నాయి. మావి గోడకున్నాయి. అవి కూడా పీక్కుపోతావా?"

జనం పోగయ్యారు. పోలీసులొచ్చి ముసలాయన్ని తీసుకెళ్ళేదాకా ఆమె అక్కడినుంచి కదల్లేదు.

వారం తిరక్కుండా, బుధవారం మధ్యాహ్నం, దామికి ఒళ్ళు కాలిపోయింది. యోరాన్ టాక్సీలో పిల్లల ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చింది. మెట్ల దగ్గర రేకుమీద వేలు పెట్టింది. ఒక్క మాటా కుదరలేదు. మాట చివర రావలసిన హల్లు మొదట్లోనే తగులుతోంది. తోచినట్టు ఎక్కింది. పై అంతస్తులో అన్నీ తాళాలే. వీపు మీద బిడ్డ కొయ్యలా బిగుసుకుపోయింది.

కేకలు విని ఊడ్చే ఆవిడ వచ్చి, చెయ్యి పట్టుకుని కింద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

బిడ్డ దక్కింది.

యోరాన్ తిన్నగా కాపలాదారు దగ్గరికి వెళ్ళింది.

"రేకు తలకిందులుగా అంటించిన ఆ కళ్ళున్న గుడ్డివాడెవడు? వాడి చేతులు పడిపోను."

"తిట్టకండమ్మా. ఈ సోమవారమే వచ్చి తిప్పి పెడతానని ఒక ముసలాయన పోయినవారం నన్ను బతిమాలి వెళ్ళాడు. ఈలోగా బజారులో ఎవరో మహాతల్లి ఆయన్ని దొంగ అని పట్టించిందట. పోలీసులు ఉలి లాక్కుని, ఇక ఏ గోడా ముట్టనని రాయించుకున్నారు."

యోరాన్ ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

"ఆయనకెందుకు ఈ పని? ఎవరు పురమాయించారు?"

"ఎవరూ పురమాయించలేదమ్మా. తనకు చుక్కలు చదవడం రాని రోజుల్లో ఊరంతా ఈ రేకులు అంటించింది ఆయనే. డెబ్బయ్యో ఏట నేర్చుకుని, ఒక్కొక్కటే సరిచేసుకుంటూ ఇక్కడిదాకా వచ్చాడు."