కుక్క కూడా బంగారమే

కారులో ఉత్తర ఇంగ్లండు చూడ్డానికి బయల్దేరిన మొదటి రోజే విట్బీలో వాన పట్టుకుంది. కొండ మీది పాడుబడ్డ మఠం చూసి దిగుతూ, రేవు పక్క టీ కొట్టులోకి దూరింది రోవెనా. ఈ ఊరు తనకు కొత్తని చెప్పిన మొగుడు డెస్మండ్, ఆ కొట్టు మాత్రం వద్దన్నాడు.

"ఏం కావాలి, బంగారం?" అంది కొట్టావిడ.

రోవెనా మురిసిపోయింది.

"ఇక్కడ అందర్నీ అలాగే పిలుస్తారులే," అన్నాడు డెస్మండ్, తలెత్తకుండా.

నిజమే. పోస్టుమ్యాన్ బంగారం, ముసలి జాలరి బంగారం, అతని తడిసిన కుక్కా బంగారమే.

"మీ టీ, సార్," అని డెస్మండ్ ముందు కప్పు పెట్టి వెళ్లిపోయిందావిడ.

పకపకా నవ్వుతున్న రోవెనా మధ్యలో ఆగింది.

"కుక్క కూడా బంగారమేనటగా. నువ్వొక్కడివే సారువి. ఏం చేశావు డెస్, ఆవిణ్ణి?"