పెట్టె నంబరు

"వానలన్నీ పోయాక కూడా ఇవి నీలంగానే ఉన్నాయేంటే!"

నెలల తర్వాత ఇల్లు చేరిన లారీ డ్రైవరు, చెప్పులైనా విప్పకుండా, నంబరు నొక్కి తెరిచిన ఇనప్పెట్టె ముందు చతికిలబడ్డాడు. ఆటగాళ్ళ బొమ్మల కార్డులకు చెమ్మ తగలకుండా లోపల పెట్టిన నీలం గుళికలు ఈపాటికి చెమ్మ పీల్చి గులాబీ రంగుకి తిరగాలి. కార్డు ఒక్కటీ వంగలేదు.

"రంగు మారినప్పుడల్లా పాత పెనం మీద వేడిచేసి మళ్ళీ పెట్టాను," అంది భార్య, తడి చేతులు తుడుచుకుంటూ.

అతను గతుక్కుమన్నాడు. "పెట్టె నంబరు నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్తారు? మీ మొదటి కార్డు మీదున్న నంబరు. నిద్రలో లేపి అడిగినా చెప్తారుగా."

"దొంగక్కూడా తట్టదనుకున్నానే!" నవ్వబోయాడు.

ఆమె నవ్వలేదు. గుళికల సంచి అతని చేతిలోంచి తీసుకుని లోపల సర్దింది.

"అంతకుముందు పిల్లదాని పుట్టినరోజు నొక్కాను. అన్నిటికన్నా ముందు మన పెళ్ళి తేదీ నొక్కాను."

అతను తలెత్తలేకపోయాడు. "ఇవాళే మార్చేస్తాను."

"మార్చకండి," పెట్టె తలుపు మెల్లగా మూసింది. "ఆ తేదీ నొక్కి, తెరుచుకుంటుందేమోనని ఇంకోసారి చూసే ఓపిక నాకు లేదు."