మీరావలికి పూచీ ఎవరు?

అవనిగడ్డలో బస్సు దిగాక షంషాద్‌కి కాళ్ళు ముందుకు పడలేదు. స్టాండు పక్క కొట్లో సోడా కొట్టించుకుంది. దాహం తీరలేదు. ఇంకోటి కొట్టించుకుని సగంలో వదిలేసింది.

"ఈ ఒక్కటీ వేరే ఎవరికైనా అప్పజెప్పండి" అని బందరులో జిలానీగారిని బతిమాలింది. సొసైటీ పెద్ద ఆయనే. వినిపించుకోలేదు.

"దివిసీమ నీ సొంత ప్రాంతమేగా అమ్మా. నువ్వు కాకపోతే ఎవరెళ్తారు?" అన్నారు.

ఆ సొసైటీ బందరు మసీదు వీధిలో ఉంది. వడ్డీ తినడం మతంలో తప్పు కాబట్టి, పేదవాళ్ళకి వడ్డీ లేకుండా అప్పులిస్తారు. అడిగినవాళ్ళది ఏ మతమని చూడరు. బంగారం తాకట్టు పెట్టమనరు. చూసేది ఒక్కటే, మనిషి ఎలాంటివాడని. అది కనుక్కుని రావడమే షంషాద్ ఉద్యోగం. ఆ డబ్బేమీ కోటీశ్వరులది కాదు. టైలర్లూ, ఇడ్లీబండి వాళ్ళూ పైసా పైసా దాచుకున్నది. ఒకడు ఎగ్గొడితే ఇంకో పేదవాడి పని ఆగిపోతుంది.

ఈసారి అప్పు అడిగినవాడు మీరావలి. బందరు హార్బర్లో చేపలు కొని, అవనిగడ్డ, చల్లపల్లి మార్కెట్లలో అమ్ముతాడు. కిరాయి బండికే లాభమంతా పోతోందట. సెకండ్ హ్యాండు ట్రాలీ ఆటో కొనుక్కుంటానంటున్నాడు.

ముందుగా చేపలకి ఐసు అమ్మే బంగార్రాజు దగ్గరికి వెళ్ళింది.

"డబ్బు దగ్గర మచ్చ లేదమ్మా. నోరే మంచిది కాదు. కోపమొస్తే ఎదర ఎవరున్నారో చూడడు" అన్నాడతను.

షంషాద్ పెన్ను మూత తీసి పెడుతూ, తీసి పెడుతూ నిలబడింది. ఇంకా ఏదో అడగాలనుకుంది. అడగకుండానే బయటపడింది.

మీరావలి ఇల్లు సందు చివర. తలుపు తీసింది అతని భార్య ఆబిదా. నిండు నెలలు. సొసైటీ నించి వచ్చానని చెప్పింది షంషాద్.

"ఆయన చేపలకి బందరు వెళ్ళారక్కా. లోపలికి రండి, ఎండన పడి వచ్చారు."

షంషాద్ లోపలికైతే వెళ్ళింది గానీ కూర్చోలేదు. ముసుగు తియ్యలేదు. గోడల వంకా, గిన్నెల వంకా, ఆరేసిన బట్టల వంకా చూసింది. అడగాల్సినవన్నీ మర్చిపోయి, అడక్కూడనిది అడిగింది.

"మీ ఆయన మిమ్మల్ని బాగా చూసుకుంటాడా?"

ఆబిదా నవ్వేసింది. "అరుస్తారక్కా. మళ్ళీ ఆయనే వచ్చి టీ పెట్టి ఇస్తారు." అంతలోనే ఆ నవ్వు పోయింది. "రోజువారీ వడ్డీ వాళ్ళు నిన్న వచ్చి కాటా పట్టుకుపోయారు. కాటా లేకపోతే చేపలెలా అమ్ముతారు? మీరు కాదంటే మా బతుకు వీధిలోనే. కాసేపుండండక్కా, ఆయనొచ్చేస్తారు."

"లేదు, బస్సుంది" అంది షంషాద్. ఇచ్చిన మంచినీళ్ళు ముట్టకుండానే సందు దాటేసింది.

బస్సులో కూర్చోలేకపోయింది. కిటికీ తెరిచింది, మూసింది. చల్లపల్లిలో సీటు మారింది. మనిషి మంచివాడు కాదని ఒక్క మాట చెప్తే చాలు. ఎందుకని ఎవరూ అడగరు. సొసైటీలో ఆమె మాటకి తిరుగులేదు. పైగా అందులో అబద్ధం కూడా ఏమీ ఉండదు. ఆ మాట బందరు దాకా నోట్లోనే ఉంది. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు.

ఆదివారం మీటింగు. మీరావలి ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ, లోపల ముసుగు లేకుండా కూర్చున్న షంషాద్‌ని చూశాడు. గుమ్మం దాటకుండా అక్కడే ఆగాడు.

"మా ఇంటికొచ్చి విచారించింది ఈవిడేనా?" అన్నాడు.

"అవును బాబూ, రా, కూర్చో" అన్నారు జిలానీగారు.

"ఎందుకులెండి. నాకు అప్పు రాదు. వెళ్ళొస్తాను." మళ్ళీ చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

"ఆగవయ్యా. ఏమ్మా షంషాద్, ఏం తెలిసింది?"

షంషాద్ లేచి నిలబడింది. చున్నీ కొంగు గట్టిగా పట్టుకుంది.

"కోపిష్ఠి మనిషండీ. నోటికెంత మాటొస్తే అంత అనేస్తాడు. అన్న మాట వెనక్కి తీసుకోవడం చేతకాదు."

మీరావలి తల దించుకున్నాడు.

"అప్పు మాత్రం ఇవ్వండి" అందామె.

జిలానీగారు తెల్లబోయారు. "మనిషి మీద మచ్చ చెప్పాక పూచీ లేకుండా ఎలా ఇస్తామమ్మా? పడేవాళ్ళెవరూ లేరు కదా."

"నేను పడతాను."

"కట్టకపోతే నీ జీతంలోంచి పోతుంది. ఆలోచించుకున్నావా?"

"మూడు రోజుల్నించీ అదే ఆలోచనండీ. నిద్ర కూడా లేదు. కడతాడు."

జిలానీగారు కళ్ళజోడు తీసి ఆమె వంక చూశారు. "ఎవరినో నలుగుర్ని అడిగొస్తే ఇంత ధీమా రాదమ్మా. ఇతను బాకీ ఎగ్గొట్టడని నీకెలా తెలుసు?"

షంషాద్ మొదటిసారి మీరావలి కళ్ళలోకి సూటిగా చూసింది.

"చేపల తట్ట నెత్తిన మోసుకుని వీధివీధీ తిరిగి మరీ, పెళ్ళిలో నాకిస్తానని ఒప్పుకున్న మెహర్ సొమ్ము పైసాతో సహా తీర్చాడండీ, నాకు విడాకులిచ్చిన ఈ మొగుడు."