షాజమాన్ దగ్గరికి దారి

"నేను టోపీ పెట్టుకోను."

"గుర్రప్పందాలకు పోయే ఆడోళ్లంతా పెట్టుకుంటారు సుశీలా. దుబాయిలో అదే పద్ధతి."

"పట్టుచీర మీద టోపీనా? మీరే పెట్టుకోండి. బట్టతలకు నీడన్నా ఉంటాది."

త్రివిక్రమరావు కాఫీ గ్లాసు చప్పుడయ్యేలా కింద పెట్టాడు.

ప్రొద్దుటూరు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. జన్మలో ఒక్క పందెం కాయలేదు. మేలుజాతి గుర్రాల వంశం మాత్రం మూడు తరాల దాకా తడుముకోకుండా చెప్తాడు.

మార్చిలో దుబాయి ప్రయాణం. ఏ రోజు ఏ పందెం, మైదానానికి ఏ మెట్రో, ఏ పూట ఎక్కడ భోజనం, అన్నీ ఒక ఫైలులో రాసి పెట్టుకున్నాడు.

ఫైలులో ఒక్క పేజీ ఖాళీ. పైన ‘షాజమాన్’ అని మాత్రం ఉంది.

షాజమాన్ అనే ఆ గుర్రం పరుగెత్తిన ప్రతి పందెమూ ఆయన ఫోన్లో చూశాడు. ఇప్పుడది పందేలు మానేసి లాయంలో ఉంటోంది. దాని పక్కన ఒక్కసారి నిలబడాలి, మెడ మీద చెయ్యి వెయ్యాలి. ఇంత ప్రయాణమూ ఆ ఒక్కదాని కోసమేనని సుశీలకు తెలుసు.

లాయంవాళ్లకు నాలుగు మెయిళ్లు పెట్టాడు. జవాబు లేదు.

"వస్తాది. రాక యాడికి పోతాది?" అంటాడు, అదేదో బస్సయినట్టు.

"జిప్పులు, బ్యాగులు బాగుచేస్తాం!"

వీధిలో కేక వినబడి సుశీల గేటు తీసింది. పెద్ద సూట్‌కేసు పిడి ఊడి నెల అయింది.

కేక వేసినాయనకు డెబ్బై ఏళ్లుంటాయి. సన్నగా, నిటారుగా ఉన్నాడు. గేటు మీది పేరు ఒకసారి చదివి లోపలికి వచ్చాడు. కొత్త మనిషి.

"పేరేంది సాయబూ?"

"ఇనాయతుల్లా అంటారమ్మా. ఎల్లుండి నుంచి ఊళ్లో ఉండను. ఈ పొద్దే చేసిస్తా."

అరుగు మీద కూర్చుని కుట్టడం మొదలుపెట్టాడు. రెండు సూదులు, ఒకటి ఇటు నుంచి, ఒకటి అటు నుంచి, ఒకే రంధ్రంలో. పనిలో వంక పెట్టకుండా ఉండలేని సుశీల వంగి చూసింది. గీత గీసినట్టుంది కుట్టు.

"యాడ నేర్చుకున్నావు సాయబూ?"

"దుబాయిలోనమ్మా. ఇరవై ఆరేండ్లు ఉంటి."

దుబాయి మాట వినగానే త్రివిక్రమరావు ఫైలుతో సహా బయటికి వచ్చాడు. ఫోన్లో బొమ్మ చూపించాడు.

"దీన్ని చూసేదానికే పోతాండాం. షాజమాన్ అని."

ముసలాయన చెయ్యి ఆగింది. ఫోను రెండు చేతులతో తీసుకుని చాలాసేపు చూశాడు.

"దీని దగ్గరికి కుడి పక్కనుంచి పోగూడదు సార్. ఓర్చుకోదు. ఎడమ పక్క నిలబడి ముందు అరచెయ్యి వాసన చూడనియ్యల్ల."

"నీకెట్ల తెలుసప్పా? ఆడ నువ్వేం..."

"టీ తీసుకో సాయబూ, చల్లారిపోతాంది," అని సుశీల అడ్డుపడి, మొగుడి వైపు ఉరిమి చూసింది.

ఆ వీధిలో ప్రతి మూడో ఇంట్లో గల్ఫ్‌కు పోయి వచ్చిన మనిషి ఉంటాడు. ఎన్నేళ్లున్నావని అడుగుతారు, ఎప్పుడొచ్చినావని అడుగుతారు. ఆడ ఏం పని చేసినావని మాత్రం అడగరు. డ్రైవరు పనని పోయి ఎడారిలో మేకలు కాసినవాళ్లున్నారు. ఆ మాట వాళ్ల నోటితో చెప్పించకూడదు.

ముసలాయన టీ తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"సార్, దాన్ని దగ్గర చూడాలని ఉంటే చెప్పండి. నేను మాట్లాడతా."

త్రివిక్రమరావు నవ్వాడు.

"నాలుగు మెయిళ్లకు పలకనోళ్లు నీ మాటకు పలుకుతారా సాయబూ? వద్దులే. నాకు రావల్సిన జవాబు నాకొస్తాది."

"అట్లనే సార్."

కూలి తీసుకుని, సుశీలకు సలాం చెప్పి, సైకిలు నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

"మేకలు కాసిన మనిషికి గుర్రం సంగతెట్ల తెలుసంటావ్?"

"పక్క కొట్టంలోవాళ్లు చెప్పింటారు. మళ్లా కనపడినా అడగొద్దండి, బాధపడతాడు."

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. కూతురు శ్రీవిద్య సంగటి ముద్ద వడ్డిస్తూంటే ఫోన్లో మెయిలు టింగుమంది.

"చెప్పలా? వచ్చింది!" త్రివిక్రమరావు ఎడమచేత్తో అందుకున్నాడు.

చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. పప్పులో పెట్టిన చెయ్యి పప్పులోనే ఉండిపోయింది.

"టికెట్లు వాపసు ఇచ్చేది లేదు," అన్నాడు చివరికి, క్లాసులో చెప్పినట్టు గట్టిగా. "పోతాం. పందేలు చూస్తాం, వస్తాం. షాజమాన్ దగ్గరికి మాత్రం పోయేది లేదు. ఇంక ఎవరినీ అడిగేది లేదు."

"ఎందుకు? ఏమన్నారు?" అంది సుశీల.

ఆయన ఫోను కూతురి వైపు జరిపాడు.

శ్రీవిద్య తెలుగులో చెప్పుకుంటూ చదివింది.

"ఏడాదికి ఒక్క కుటుంబాన్నే షాజమాన్ దగ్గరికి రానిస్తారంట. ఎవరిని రానియ్యాలో వాళ్ల పెద్దాయన ఇష్టమంట. ఈ ఏడు వేరేవాళ్లకు మాటిచ్చేసినారంట."

"మనకియ్యమని ఆయన్నే అడగరాదా?"

శ్రీవిద్య మిగతాది చదివి, తల్లి ముఖంలోకి చూడకుండా చెప్పింది.

"షాజమాన్ పుట్టిన రోజు నుంచి దాన్ని సాకింది ఆ పెద్దాయనేనంటమ్మా. మొన్ననే ఆయన్ను మళ్లా దుబాయికి అతిథిగా పిలిపించుకున్నారంట. మీ ఊరి సారు మెయిలు పెట్టినాడని చెప్తే, ‘నేను ఆయన ఇంటికే పోయి అడిగితి, వద్దన్నాడు’ అన్నాడంట ఇనాయతుల్లా."