దుర్గవ్వ కొడుకు

కృతిక ఒళ్లు కాలిపోతోంది. నాలుగేళ్ల పిల్ల. పొద్దుటి నుంచి కళ్లు తెరవలేదు. పిలిస్తే మూలుగుతోంది, అంతే.

సింధుజ కూతుర్ని ఒళ్లో వేసుకుని అభయదీప మండలి హాల్లో దీపం ముందు కూర్చుంది. సిద్దిపేట ఊరి చివర, ఒకప్పుడు రేకుల షెడ్డుగా మొదలై ఇప్పుడు ఏసీ హాలైన ఆశ్రమం అది. పిల్ల జ్వరం తగ్గాలంటే తల్లి దీక్ష పట్టాలని అత్త విజయమ్మే తీసుకొచ్చింది. దీక్షలో ఉన్నన్నాళ్లు పిల్లకు తీర్థం తప్ప మందు ముట్టించకూడదు. దీపం దగ్గర నుంచి కదపకూడదు.

"అత్తమ్మా, దవాఖానకు తీస్కపోదాం. చిగుళ్లల్లకెళ్లి నెత్తురొస్తుంది" అంది సింధుజ.

విజయమ్మ గబుక్కున కోడలి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "దీపం ముంగట గా మాట అంటవా? నడుమల లేస్తే ఏమైతదో గురువుగారు చెప్పిన్రు గద!"

చెప్పారు. దీక్ష మధ్యలో లేచిన తల్లి తన బిడ్డను తన చేత్తో చంపుకున్నట్టేనని, ఆ పాపం పుట్టబోయే పిల్లల్ని కూడా వదలదని మైకులో చెప్పారు. వింటున్న ఆడవాళ్లంతా చెంపలు వేసుకున్నారు. సింధుజ కూడా వేసుకుంది.

విజయమ్మ చెడ్డది కాదు. మనవరాలికి ఏమవుతుందోనని ఆమెకూ అన్నం దిగడం లేదు. ఆమెకు తెలిసిన దారి ఇదొక్కటే. ఇంకొంచెం తీర్థం తెస్తానని లేచి వెళ్లింది.

అప్పుడు వెనక వరసలోంచి ఒకామె జరిగి జరిగి సింధుజ పక్కకు వచ్చింది. యాభైకి దగ్గర పడ్డ మనిషి. పేరు దుర్గవ్వ. ప్రతి గురువారం వస్తుంది. ఎప్పుడొచ్చినా పిల్లల్ని ఎత్తుకొచ్చిన తల్లుల వెనకే కూర్చుంటుంది.

ఆమె కృతిక నుదుటి మీద చెయ్యి వేసి, చురుక్కుమన్నట్టు వెంటనే తీసేసింది.

"లే బిడ్డా. పెద్ద దవాఖానకు పో. గిప్పుడే పో."

"దీక్ష నడుమల లేస్తే..." సింధుజ దీపం వైపు చూసింది.

"ఏం గాదు. నేను లేసిన. నా కొడుకు నిఖిల్‌కు గిట్లనే జరమొచ్చింది. గీడనే కూసున్న. మస్తు భయపడ్డ. ఆఖరుకు పోరన్ని భుజానేసుకొని ఉరికిన. సూదులిచ్చిన్రు. బతికిండు."

"నిజమా పెద్దమ్మా?"

"నిజం గాక! ఇప్పుడు డిగ్రీ చదువుతుండు. మీసాలొచ్చినయ్. కూరల ఉప్పు తక్కువైతే మూతి ముడుస్తడు. బండి మీద పోతడు, మళ్ల ఇంటికొచ్చేదాక నా పానం కొట్టుకుంటది." చెబుతుంటే ఆమె ముఖం వెలిగిపోయింది. "గంత పెద్దగైండు నా కొడుకు."

మండలి కార్యదర్శి రత్నాకర్ వచ్చి వాళ్ల వెనక నిలబడ్డాడు. రేకుల షెడ్డు రోజుల నుంచీ అక్కడే ఉన్న, మెత్తగా మాట్లాడే మనిషి.

"ఏం చెప్తున్నవ్ దుర్గవ్వా?"

దుర్గవ్వ లేచి నిలబడింది.

"నా కొడుకు సంగతి చెప్తున్న సార్. దీక్ష ఇడిసి దవాఖానకు ఉరికిన గద. పోరడు బతికిండు గద. అబద్ధమైతే మీరే చెప్పున్రి. గీ తల్లులందరు ఇనేటట్టు మైకుల చెప్పున్రి, నా నిఖిల్ ఏమైండో."

హాలంతా అటు తిరిగింది.

రత్నాకర్ మైకు వైపు ఒక అడుగు వేసి ఆగాడు. ఎవరి వైపూ చూడకుండా గురువుగారి గది వైపు వెళ్లిపోయాడు.

సింధుజకు అది చాలింది. పిల్లను భుజాన వేసుకుని లేచింది. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదకు పరుగెత్తి ఆటో ఆపింది. తీర్థం గ్లాసుతో వచ్చిన విజయమ్మ అరుస్తూ వెంటపడింది. చివరికి తనూ ఆటో ఎక్కి, మనవరాలి కాళ్లు ఒళ్లో పెట్టుకుని, దారి పొడుగునా గురువుగారికి క్షమాపణ చెప్పుకుంటూ ఏడ్చింది.

డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు ఎక్కించారు. కళ్లు తెరిచాక కృతిక అడిగిన మొదటి మాట, ఇడ్లీ.

పిల్ల కోలుకుని ఇంట్లో ఆడుకోవడం మొదలుపెట్టాక సింధుజ వాకబు చేసుకుంటూ దుర్గవ్వ ఇంటికి వెళ్లింది. చేతిలో మిఠాయి డబ్బా, ఒక నీలం గళ్ల చొక్కా.

"నిఖిల్ తమ్మునికి పెద్దమ్మా. అందాజగ తెచ్చిన. ఇంట్ల లేడా?"

"కాలేజికి పోయిండు."

దుర్గవ్వ చొక్కా మడత విప్పింది. భుజాల దగ్గర పట్టుకుని పైకెత్తి చాలాసేపు చూసింది.

"సరిపోతదా?"

"సరిపోతది బిడ్డా. భుజాల కాడ జర పట్టేస్తదేమో. ఈ నడుమ ఒళ్లు చేసిండు." "కూసో, చాయ్ పెడత" అంటూ చొక్కా తీసుకునే లోపలికి వెళ్లింది.

పక్కింటి గడప మీద బియ్యం చెరుగుతున్న అనసూర్య ఇదంతా చూస్తోంది.

"ఎవలికి బిడ్డా గా అంగీ?"

"నిఖిల్‌కు. అప్పట్ల పెద్దమ్మ ధైర్యం చేసి దీక్ష మీదికెళ్లి లేసిందట గద, గా ముచ్చట చెప్పబట్టే నా బిడ్డ నాకు దక్కింది."

అనసూర్య చేట పక్కన పెట్టింది. లోపలి నుంచి గ్లాసుల చప్పుడు వస్తోంది. ఆమె గొంతు తగ్గించింది.

"దుర్గవ్వ ఆనాడు భయానికి లేవనే లేదు బిడ్డా, నాలుగేండ్ల నిఖిల్ గా ఆశ్రమంలనే ఆమె ఒళ్లె పానం ఇడిసిండు."