రాలిత్సా నాటిన అక్రోటు

దోన్కా వంటింటి కిటికీ దగ్గర కూర్చుని ఎండు చిక్కుడుకాయలు ఒలుస్తోంది. గింజలు గిన్నెలోకి, తొక్కలు ఒళ్లోకి. పెరట్లో కొడుకు కిరిల్ గొయ్యి తవ్వుతున్నాడు. రేగుచెట్టు వేస్తారేమో అనుకుంది.

కోడలు నెవేనా తడి గోనె విప్పి మొక్కను బయటికి తీసింది. సన్నటి కాండం. వేరు మాత్రం ముల్లంగిలా లావుగా, నిటారుగా ఉంది.

అక్రోటు.

పక్కింటి గ్రోజ్దాన్‌ను పిలిచారు కాబోలు, అనుకుంది దోన్కా. ఆ ఊళ్లో అక్రోటు నాటేది ఆయనే. నాటిన మనిషి ఆ చెట్టు తొలికాపు కాసిన ఏడాదే పోతాడని అందరూ నమ్ముతారు. అందుకే వయసులో ఉన్నవాళ్లు దాని జోలికి పోరు. ముసలివాళ్లు నాటుతారు. లేదా కాకులు నాటుతాయి.

గ్రోజ్దాన్ అప్పటికే కంచె మీద మోచేతులు ఆన్చి నిలబడ్డాడు.

"ఇటివ్వమ్మాయ్. ఎనభై ఆరొచ్చాయి నాకు. అది కాసే నాటికి నన్నెలాగూ మా ముసల్దాని పక్కన పడుకోబెడతారు. ఓ గ్లాసు ద్రాక్షసారా పొయ్యి, చాలు."

"వద్దు మామయ్యా," అంది నెవేనా. ఇంటివైపు తిరిగి పిలిచింది. "రాలిత్సా, రా అమ్మా. మొక్క నువ్వు పట్టుకోవాలి."

దోన్కా లేచిన ఊపుకి గిన్నె బోర్లా పడింది.

రాలిత్సాకు తొమ్మిదేళ్లు. కిరిల్ మొదటి భార్య పోయినప్పుడు ఇంకా పాలు మరవలేదు. నెవేనా ఈ ఇంటికి వచ్చి నాలుగేళ్లు. ఈ నాలుగేళ్లలో కోడల్ని వేలెత్తి చూపడానికి దోన్కాకు ఏమీ దొరకలేదు. దొరకనందుకే కొంచెం అనుమానం కూడా ఉండేది.

ఇంటి చెప్పులతోనే బురదలో దిగి, మనవరాలి చెయ్యి పట్టుకుంది.

"నేను నాటుతాను. నా చేతికివ్వు."

"మీరు తాకకండి అత్తయ్యా."

"పోనీ, ఆ ముసలాయన నాటుతానంటున్నాడుగా."

"రాలిత్సే నాటాలి."

"మతి ఉండే మాట్లాడుతున్నావా? ఇది ఏ చెట్టో నీకు తెలీదా?"

"తెలుసు," అంది నెవేనా. "నేనూ ఈ కొండల్లోనే పుట్టాను."

గ్రోజ్దాన్ కంచె మీంచి చేతులు తీసేసుకున్నాడు. టోపీ సరిచేసుకుని, ఏదో పని గుర్తొచ్చినట్టు తన ఇంట్లోకి వెళ్లిపోయాడు.

రాలిత్సా నానమ్మ చేతిలోంచి మెల్లగా చెయ్యి విడిపించుకుంది. "నాకేం భయం లేదు నానమ్మా. పిన్ని చెప్పింది, ఇది నా చెట్టంట."

పిల్ల మొక్కను గోతిలో నిలబెట్టింది. వంగి మట్టి తోయసాగింది. నాలుగు దోసిళ్లు వేసేసరికి రొప్పు వచ్చింది. కిరిల్ పార అందుకోబోయాడు.

"వద్దు," అంది నెవేనా. "ఒక్క పిడికెడు కూడా నువ్వు వెయ్యకు. అంతా తన చేత్తోనే పడాలి."

"పిల్ల రొప్పుతుంటే కనపడటం లేదూ?" అంది దోన్కా. "మొన్ననే కదే రక్తం తక్కువుందని సోఫియా పట్నంలో ఆసుపత్రికి తీసుకెళ్లారు? బీట్‌రూట్ రసం తాగించి నేనింత బాగుచేస్తుంటే, నువ్వు దీన్ని ఈ చలిలో నిలబెట్టి..."

పిల్ల వింటోంది.

నెవేనా రాలిత్సా వెనక మోకాళ్ల మీద కూర్చుని, నడుం చుట్టూ చేతులు వేసి పడిపోకుండా పట్టుకుంది. మట్టిని మాత్రం తాకలేదు. గొయ్యి నిండేసరికి చాలాసేపు పట్టింది. చివర్న పిల్ల రెండు అరిచేతులతో మట్టిని అదిమింది.

"గట్టిగా అదుము తల్లీ," అంది నెవేనా. "ఇంకా గట్టిగా."

రాలిత్సాను పడుకోబెట్టి నెవేనా వంటింట్లోకి వచ్చేసరికి, దోన్కా నిలబడే ఉంది. కింద చిక్కుడుగింజలు ఎక్కడివక్కడే ఉన్నాయి. బల్ల దగ్గర కిరిల్ ముందు సూప్ చల్లారిపోతోంది.

"నీ కడుపున పుట్టిందైతే ఈ పని చేయించేదానివా?" అంది దోన్కా.

నెవేనా వంగి గింజలు ఏరి గిన్నెలో వేసింది.

"అడ్డమనుకుంటే నాకిచ్చెయ్. నేను పెంచుకుంటాను. మా చెల్లెలింటికి తీసుకుపోతాను. నీ గుమ్మం తొక్కం. నువ్వు నీ బిడ్డల్ని కనుక్కో, హాయిగా ఉండు. దీని ప్రాణం మీదికెందుకు తెస్తావు?" కొడుకువైపు తిరిగింది. "ఒరేయ్ కిరిల్, నీ నోరు పడిపోయిందా? గొయ్యి తవ్వి మరీ ఇచ్చావు. నీ పెళ్లానికి నువ్వైనా చెప్పు."

కిరిల్ తల్లి ముఖంలోకి చూశాడు. చెంచా బల్ల మీద పెట్టాడు. లేచి, కోటైనా వేసుకోకుండా ఇంట్లోంచి బయటికి వెళ్లిపోయాడు.

దోన్కా గోడకున్న ద్రాక్షతీగల కత్తెర అందుకుంది.

"మీవల్ల కాకపోతే నేనే కోసి పారేస్తాను. వేరు నిలదొక్కుకోలేదింకా."

నెవేనా తలుపుకు అడ్డంగా నిలబడింది. దోన్కా తోసింది. నెవేనా కదల్లేదు. ముసలావిడ మణికట్టు రెండు చేతులతో పట్టుకుంది. పక్క గదివైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించింది.

"పిల్ల వచ్చే ఎండాకాలం దాకా కూడా ఉండదన్నారు సోఫియా డాక్టర్లు," అంది నెవేనా, "అందుకే అత్తయ్యా, పన్నెండేళ్లకు గాని కాయని మొక్క వెతికి తెచ్చాను."